కరెంటు పోతే బ్రేకు పోతుందట!

ఈ వారం మోటారు పందాల గురించి రాస్తున్నానంటే మావారు చదువుతున్న పేపరు పక్కనబెట్టి నా మొహం వంక చూశారు. "స్కూటరుకు స్టాండు వేయడమే చేతకాదు గదా నీకు!" అన్నారు. నిజమే. తెలుగు ఎమ్మే చదివి సంగారెడ్డిలో పాఠాలు చెప్పుకొనేదాన్ని. పద్యంలో గణం తప్పితే చెవికి తగులుతుంది గాని, ఇంజను చప్పుడులో తేడా వస్తే తెలియదు. అయినా మొన్న బీరువా సర్దుతుంటే ఆనాటి పందెం టిక్కెట్లు బయటపడ్డాయి. అప్పటినుంచీ ఈ సంగతి రాయకుండా వుండలేకపోతున్నాను. ఇందులో మా తమ్ముడి వుద్యోగం ముడిపడి వుంది. నేను వాడికి చెప్పిన ఒక చెడ్డ సలహా కూడా వుంది.

2023 ఫిబ్రవరి 11, శనివారం. ఆనాడు హైదరాబాదులో హుస్సేన్ సాగరు ఒడ్డున ఫార్ములా ఇ పందెం జరిగింది. కరెంటుతో నడిచే పందెపు కార్లకు ప్రపంచస్థాయి పోటీ అది. మన దేశానికి రావడం అదే మొదటిసారి. పిల్లల పోరు పడలేక, మా తమ్ముణ్ణి వెంటబెట్టుకొని వెళ్లాం. రోజూ బస్సులూ ఆటోలూ తిరిగే రోడ్లకే రెండు పక్కలా సిమెంటు దిమ్మెలు పేర్చి, వాటిపైన ఇనుపవలలు బిగించి, 2.83 కిలోమీటర్ల చుట్టు తయారుచేశారు. ఇరవై రెండు కార్లు. పెట్రోలు బండ్లలా గర్జించవు. సన్నగా కీచుమంటూ దూసుకుపోతాయి. "పెద్ద మిక్సీ తిరుగుతున్నట్టుందమ్మా" అంది మా అమ్మాయి. ఫ్రాన్సు దేశపు వెర్నే మొదట వచ్చాడు. 2024లో జరగవలసిన రెండో పందెం రద్దయిపోయింది గనుక, మా టిక్కెట్లకు ఇప్పుడు పురావస్తువుల గౌరవం వచ్చిందనుకోండి.

కార్లు మలుపు దగ్గర వేగం తగ్గిస్తున్నాయి. మా తమ్ముడు నా చెవి దగ్గర వంగి, "అక్కా, ఈ బండి పుట్టినప్పుడు వెనక చక్రాలకు బ్రేకులే లేవు, ఎరికేనా?" అన్నాడు. వేళాకోళమనుకొన్నాను. కాదట.

మా నాన్నగారి సైకిలుకు డైనమో వుండేది. దాని తల చక్రానికి ఆనిస్తే దీపం వెలిగేది. కాని తొక్కడం బరువయ్యేది. ఎత్తు ఎక్కవలసి వస్తే నాన్నగారు దాన్ని వెనక్కు లాగేసి చీకట్లోనే తొక్కేవారు. ఆ బరువే ఈ కార్లకు బ్రేకు. మామూలుగా మోటారు కరెంటు తిని చక్రాన్ని తిప్పుతుంది. డ్రైవరు ఆపదలచుకొన్నప్పుడు అదే మోటారు డైనమోగా మారి, చక్రం వేగాన్ని కరెంటు చేసి బ్యాటరీకి తిరిగి పంపుతుంది. ముందు మోటారు 250 కిలోవాట్లు, వెనకది 350, మొత్తం 600 కిలోవాట్లదాకా ఇట్లా వెనక్కు రాబట్టవచ్చు. పందెంలో ఖర్చయ్యే శక్తిలో నూటికి కనీసం నలభై వంతులు ఇదేనని తయారుచేసినవారు చెప్పుకొన్నారు. ఇంత గట్టిగా ఆపుతుంటే ఇనుప బ్రేకులు దండుగ బరువు గదా అని వెనక చక్రాలకు అవి తీసేశారు. డ్రైవరుతో కలిపి 840 కిలోల బండి, గంటకు 322 కిలోమీటర్ల వేగం అని 2022 ఏప్రిల్‌లో మొనాకోలో ఆర్భాటంగా ఆవిష్కరించారు.

బాగానే వుంది. మరి ఆ మోటారే మొరాయిస్తే?

"కరెంటు పోతే బ్రేకు పోతది" అని తేల్చేశాడు మా వాడు. మన ఇళ్లలో కరెంటు పోతే ఫ్యాను ఆగుతుంది. అక్కడ కరెంటు పోతే బండి ఆగదు!

ఆ సంగతి కాగితం మీద ఎవరికీ తట్టలేదని కాదు. తట్టే వుంటుంది. కాని కాగితం మీద భయం వేరు, గోడ ఎదురుగా వస్తున్నప్పటి భయం వేరు. పరీక్షల కాలంలోనే డ్రైవర్లు ఈ విషయమై ఆందోళన చెప్పారు. 2022 డిసెంబరు 13 నుంచి 16 వరకు స్పెయిన్‌లో, వాలెన్సియా దగ్గర అన్ని జట్లూ కలిసి బండ్లను పరీక్షించుకొన్నాయి. ఆ తరువాత నెల తిరగకముందే, జనవరి 14న, మెక్సికో నగరంలో మొదటి పందెం! ఇంత కొత్త బండికి ఆ వ్యవధి ఏమూలకు? చివరకు ఆ సీజనులోనే వెనక చక్రాలకు అత్యవసర బ్రేకు ఒకటి చేర్చవలసి వచ్చింది. తీసేసిన బరువులో కొంత మళ్లీ ఎక్కించుకొన్నారన్నమాట. పందెం మధ్యలో ఆగి గబగబా బ్యాటరీ నింపుకొనే ఏర్పాటు కూడా వుంటుందని మొదట ఊరించారు. అది సిద్ధం కాలేదు. వాయిదాల మీద వాయిదాలు వేసి, 2025 ఫిబ్రవరిలో జెద్దాలో గాని అమలుచేయలేదు.

పెట్రోలు కార్ల పందాలలోనూ ఇదే వరస. 2014లో ఫార్ములా వన్‌కు కొత్త రకం ఇంజన్లు వచ్చినై. అంతకుముందు నాలుగేళ్లు వరసగా గెలిచిన రెడ్ బుల్ జట్టు, ఆ జనవరిలో హెరెస్ అనే చోట నాలుగురోజుల పరీక్షలో ఇరవై ఒక్క చుట్లకు మించి తిరగలేకపోయింది. మెర్సిడెస్ మూడువందల పైచిలుకు చుట్లు తిరిగింది. ఆ ఏడు పంతొమ్మిది పందాలలో పదహారు మెర్సిడెస్‌వే! అయితే ఎనిమిదేళ్ల తరువాత, 2022లో, బార్సిలోనా పరీక్షలో అదే మెర్సిడెస్ బండి వేగం అందుకోగానే గతుకుల రోడ్డు మీద జట్కాలాగా ఎగిరెగిరి పడింది. బండి అడుగున గాలి పీడనం తగ్గి, అది నేలకు అతుక్కుపోయేట్టు తయారుచేశారు. మరీ దగ్గరకు వెళ్లేసరికి ఆ గాలి దారి మూసుకుపోయి పట్టు వదిలేది, బండి లేచేది, లేవగానే మళ్లీ పట్టుకొనేది. నమూనాలు పెట్టి గాలి సొరంగాలలో ఎన్ని పరీక్షలు చేసినా ఈ ఎగురుడు ముందుగా పట్టుబడలేదు. ఆ ఏడు వాళ్లు గెలిచింది ఒకే ఒక్క పందెం.

ఇదంతా మా తమ్ముడు చెబుతుంటే నేను వినీ విననట్టు కూర్చున్నాను. ఎందుకంటారా? అప్పటికి నెలరోజులై వాడు స్టోర్సులో నట్లూ బోల్టులూ లెక్కపెట్టుకొంటున్నాడు.

వాడి అసలు పని పరీక్షల షెడ్డులో. పటాన్‌చెరు వైపు చిన్న ఫ్యాక్టరీ, పేరెందుకు లెండి. సరకు బండ్లకు బ్రేకు పెడలు తొక్కితే కదిలే ఇనుప మీట ఒకటి చేస్తారు. 2022 చివర దాన్ని తేలికచేసి కొత్త నమూనా తయారుచేశారు. దాన్ని ఒక యంత్రానికి బిగిస్తే అది పగలూ రాత్రీ టకటకా నొక్కుతూనే వుంటుంది. లక్షసార్లు నిలవాలి. మూడు మీటలు పెట్టారు. రెండు నిలిచాయి. మూడోది అరవైవేలు దాటాక వంపు దగ్గర వెంట్రుకలాగా చీలింది. నెలాఖరుకు సరకు పోవాలి. "అది ముడి ఇనుములో దోషం, నమూనాలో కాదు, ఆ ఒకటి రాయకు, ఇంకోటి పెట్టు" అన్నాడు యజమాని. మా వాడు రిజిస్టరులో రాశాడు. ఎన్నోసారి నొక్కినప్పుడు చీలిందో కూడా రాశాడు. సంక్రాంతి వెళ్లగానే వాణ్ణి స్టోర్సుకు మార్చారు. ఓవర్‌టైము పోయింది.

ఆ రోజు రాత్రి మా ఇంటికి వచ్చి చెప్పాడు. అమ్మ నెత్తి కొట్టుకొంది. "నాలుగు దినాలు ఊకుంటే ఏం పోతుండె రా?" అంది. అమ్మ అన్నదంటే అర్థం వుంది. చదువుకొన్నదాన్ని, నేనూ అన్నాను: "మూడింట రెండు నిలిచాయి గదా! ఆ రెండే రాసి వూరుకొంటే నీ సొమ్మేం పోయింది? ఇంటి అప్పు వాయిదా ఎవడు కడతాడు?"

వాడు కోప్పడలేదు. "పగిలింది అక్కా. పగిలినదాన్ని పగల్లేదని ఎట్ల రాస్త?" అన్నాడు, అన్నం కలుపుకొంటూ.

నాకా మాట అప్పుడు చాదస్తంగా తోచింది. ఒక్క విషయం ఒప్పుకొంటాను. మా వృత్తిలోనూ స్లిప్ టెస్టులున్నాయి. ఇరవైకి ఆరు వచ్చినవాడికి, పిల్లవాడు నొచ్చుకొంటాడనో, తల్లిదండ్రులు వస్తారనో, పన్నెండు వేసిన రోజులు నాకున్నాయి. తీరా అసలు పరీక్షలో వాడు తప్పితే, "స్లిప్ టెస్టులో బాగానే రాశాడే!" అని ఆశ్చర్యపోయినదాన్ని కూడా నేనే.

పందెం అయిన రెండు వారాలకు, ఫిబ్రవరి 25 సాయంత్రం, మా తమ్ముడు ఫోను చేశాడు. దక్షిణాఫ్రికాలో కేప్ టౌన్ పందెం రోజది. "అక్కా, మహీంద్రావాళ్లు బండ్లు వాపసు తీసుకున్నరు!" అన్నాడు. మా జిల్లాలో మహీంద్రా అంటే జహీరాబాదు ట్రాక్టర్ల ఫ్యాక్టరీ. ఆ పేరుతోనే కార్ల జట్టు కూడా వుంది. ఫార్ములా ఇ పుట్టిన 2014 నుంచీ ఆడుతున్నది. వాళ్ల బండి వెనక సస్పెన్షన్ భాగంలో లోపం కనబడింది. ప్రాక్టీసు అయ్యాక, భద్రత కోసమని తమ రెండు కార్లనూ, తమ దగ్గర యంత్రసామగ్రి కొనుక్కొన్న ఆప్ట్ జట్టువారి రెండు కార్లనూ పందెం నుంచి తప్పించారు. ప్రపంచమంతా చూస్తుండగా నాలుగు కార్లు షెడ్డులో వుండిపోయినై. సరిగ్గా నాలుగు వారాల తరువాత బ్రెజిల్‌లో, సావ్ పావ్లో పందెంలో తిరిగి దిగారు.

చిన్నబోయి చెబుతున్నాడేమో అనుకొన్నాను. వాడు నవ్వుతున్నాడు. "మరి వాళ్లల్ల ఎవర్ని స్టోర్సుకు పంపిన్రో!" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఫోను పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు కూడా. ఆ మీట తొక్కే డ్రైవరు ఎవరో నేనెరగను. ఏ మొగుడంపల్లి నుంచో కూరగాయలు వేసుకొని బొంబాయి రోడ్డున తెల్లవారుజామున వచ్చేవాడై వుంటాడు. ఇస్నాపూర్ చౌరస్తాలో మా కాలేజీ పిల్లలు రోడ్డు దాటుతుంటారు.

మార్చిలో సరకు కొనేవారి తరఫు తనిఖీదారు వచ్చి రిజిస్టరు అడిగాడట. ఆ పేజీ చూసి, "మూడు చాలవు, ఇంకో ఆరు పెట్టండి" అన్నాడు. ఆరింటిలో రెండు చీలాయి, అదే వంపు దగ్గర. ముడి ఇనుము మాట ఆపైన ఎవరూ ఎత్తలేదు. వంపు కొంచెం మందం చేశారు. మీట పాతదానికంటే తేలికే గాని, మొదట అనుకొన్నంత తేలిక కాదు. యజమాని మా వాణ్ణి పిలిచి శాలువా కప్పాడనుకొంటున్నారా? అదేం లేదు. దసరా దాకా స్టోర్సులోనే వున్నాడు. తరువాత ఒకరోజు, షెడ్డులో మనిషి మానేశాడని, "రేపటినుంచి అక్కడికి పో" అన్నారు. అంతే.

పరీక్ష అంటే గండం లేనిదని కాదు. 2023 అక్టోబరు 24న అదే వాలెన్సియాలో, పరీక్షలో ఆగిపోయిన కారు బ్యాటరీ షెడ్డులో అంటుకొని మంటలు లేచినై. రెండు రోజులకు మళ్లీ పరీక్షలు మొదలయ్యాయి. మా వాడు ఈ కబురు కూడా ఫోను చేసి చెప్పాడు. ఇప్పుడు నాకు వినడం అలవాటయింది.

ఆనాటి సలహా సంగతి మాత్రం మేమిద్దరం ఇంతవరకు ఎత్తలేదు. వాళ్లింటికి ఈ పత్రిక వారం వారం వస్తుంది. మా మరదలు సీరియలు కోసం తెప్పిస్తుంది. మా వాడు ఈ పేజీ ఏనాడూ తిప్పిన పాపాన పోలేదు. ఈసారి మరదలికి ఫోను చేసి, సీరియలు అయ్యాక వాడిచేత ఇది చదివించమని చెప్పాను.