గేటు ముందు వంద అడుగులు

హైదరాబాద్‌లో పుప్పాలగూడ వైపు మా కాలనీ వెనక ఖాళీ స్థలానికి మొన్న నీలం రేకులు పాతారు. అయిదు టవర్లట, ఒక్కోటి నలభై రెండు అంతస్తులట. తెల్లారి ఆరింటికి టేపు పట్టుకుని వెళ్లాను. స్థలం గేటు ముందు రోడ్డు సరిగ్గా వంద అడుగులు. కిరాణా కొట్టు మలుపులో ముప్పై రెండు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర, మోరీ మీది బండలతో కలిపి, ఇరవై ఆరు.

అనుమతికి గేటు ముందరి ఆ వంద అడుగులే లెక్క. 2012 నాటి 168వ జీవో ప్రకారం 55 మీటర్ల ఎత్తు దాటితే స్థలాన్ని ఆనుకుని 30 మీటర్ల, అంటే దాదాపు వంద అడుగుల, రోడ్డు ఉండాలి, చుట్టూ ఇంత జాగా వదలాలి. ముంబైలో, చెన్నైలో ప్లాటుకు ఇన్ని రెట్లే కట్టాలని ఎఫ్‌ఎస్‌ఐ హద్దు ఉంది. హైదరాబాద్‌లో 2006లోనే 86వ జీవోతో ఆ హద్దు ఎత్తేశారు.

నిరుడు వేసవిలో మా పక్కింటి పెద్దాయనకు గుండెనొప్పి వస్తే అంబులెన్స్ ఎక్కించాం. ఆ ఇరవై ఆరు అడుగుల దగ్గర నీళ్ల ట్యాంకర్ ఎదురొచ్చింది. అది వెనక్కి పోయేసరికి పద్నాలుగు నిమిషాలు. అంతసేపూ ఆయన భార్య ఆయన అరచేయి రుద్దుతూనే ఉన్నారు. మార్చి వస్తే మా బోర్లు ఎండుతాయి, ట్యాంకరే గతి. నగరం తాగే కృష్ణా నీళ్లేమో వంద కిలోమీటర్ల అవతల నాగార్జునసాగర్ నుంచి ఎత్తిపోసి తెస్తున్నవి. కొత్తగా వచ్చే వందల కుటుంబాలకు నీళ్లెక్కడివి? వాళ్ల మురుగు ఏ కాలువలోకి? 2021 సెప్టెంబరు వానకు ఈ పక్కనే మణికొండలో తెరిచి ఉన్న డ్రైనేజీ గుంతలో పడి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కొట్టుకుపోయి చనిపోయాడు. అంత తొందరగా మరిచిపోయామా!

గని తవ్వాలంటే టెంటు వేసి, మైకు పెట్టి జనం మాట వింటారు. 20 వేల చదరపు మీటర్లు దాటిన భవనాలకు పర్యావరణ అనుమతి తప్పనిసరి చేసిన 2006 నోటిఫికేషనే, వాటికి ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని మినహాయించింది. మేం నోరు విప్పే చోటే లేకుండా చేశారు.

మీరు అపార్ట్‌మెంట్లో ఉంటూ పక్కవాడికి ఇల్లు వద్దంటారా అని కొందరు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. మా ఇళ్లు లేచినప్పుడు ఇక్కడి రైతులనూ ఎవరూ అడగలేదు, ఆ తప్పులో మాకూ వాటా ఉంది. అయితే ఈ ఎత్తు ఇల్లు లేనివాడి కోసం కాదు. 2023 ఆగస్టులో మాకు దగ్గర్లోని కోకాపేటలో ప్రభుత్వమే వేలం వేసి ఒక ప్లాటును ఎకరం వంద కోట్ల పైచిలుకుకు అమ్మింది. అంత పెట్టినవాడు నాలుగంతస్తులతో ఆగుతాడా? భూమి ధర పెంచి ఖజానా నింపుకున్నవాళ్లు, ఆ బరువు మా మోరీల మీద మోపారు.

నోయిడాలో తోట ఉండాల్సిన చోట లేచిన జంట టవర్ల మీద అక్కడి నివాసితులు తొమ్మిదేళ్లు కోర్టుల్లో కొట్లాడారు. 2022 ఆగస్టు 28న వాటిని కూల్చేశారు. తమ ఆవరణలో మార్పుకు తమ సమ్మతి కావాలన్న చట్టం వాళ్ల చేతిలో ఉంది. రేకుల ఇవతల ఉన్న మాకు అదీ లేదు.

సోమవారం ప్రజావాణిలో వినతిపత్రం ఇస్తున్నాం. రోడ్డు అతి ఇరుకైన చోట వెడల్పెంత, నీళ్లు ఎక్కణ్ణుంచి, మురుగు ఎక్కడికి — ఈ మూడూ తెలుగులో రాసి ఆ రేకుల మీద అంటించాలి. మా అభ్యంతరాలు వినేదాకా గుంత తవ్వకూడదు. కొలతలకు వచ్చే అధికారులు గేటు దగ్గర ఆగిపోవద్దు. ట్రాన్స్‌ఫార్మర్ దాకా నడవండి, టేపు రెండో కొస నేను పట్టుకుంటాను.