నీరు తాగని ఎలుక

పిల్లలూ!

నేను బడిలో పాఠాలు చెప్పే రోజుల్లో, ఎడారి జంతువుల పాఠం వచ్చినప్పుడల్లా, "అవి ఎంత ఎండనైనా ఓర్చుకుంటాయి" అని చెప్పేవాణ్ణి. ఒకనాడు వెనక బల్ల మీది కుర్రవాడు లేచి, "ఎండను ఓర్చుకునేవే అయితే పగలంతా కలుగులో ఎందుకు దాక్కుంటాయండీ, మాష్టారూ?" అని అడిగాడు. నాకు జవాబు తోచలేదు. "రేపు చెబుతాలేరా" అని తప్పించుకున్నాను. ఆ రాత్రి పుస్తకాలు తిరగేస్తే తెలిసింది, వాడి ప్రశ్నే సరైనదని, నా పాఠమే తప్పని. మర్నాడు ఆ మాట తరగతిలో అందరి ముందూ ఒప్పుకున్నాను. ఈ నెల మీకు ఆ సంగతే చెబుతాను.

అమెరికా దేశపు నైరుతి భాగంలో మొహావీ అనే ఎడారి ఉన్నది. వేసవిలో అక్కడి పల్లపు నేలల్లో ఎండ 45 డిగ్రీలు దాటడం మామూలే. ఆ వేడి ఎలాంటిదో మన రెంటచింతల వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. కాని మనకు బావో చెరువో ఉంటుంది. అక్కడ నెలల తరబడి వాన చుక్క పడదు.

అలాంటి చోట కంగారూ ఎలుక కాపురం చేస్తుంది. ఆస్ట్రేలియా కంగారూకూ దీనికీ దగ్గర చుట్టరికం ఏమీ లేదు. వెనక కాళ్ళ మీద గెంతుతుంది కనుక ఆ పేరు వచ్చింది. బరువు సుమారు 40 గ్రాములు. ఒంటికంటె తోకే పొడుగు. తినేది ముఖ్యంగా ఎండు గింజలు. నీళ్ళు తాగకుండానే బతుకుతుంది!

మరి దానికి నీరెక్కడిది? 1940లలో క్నూట్ ష్మిట్-నీల్సన్, బోడిల్ ష్మిట్-నీల్సన్ అనే శాస్త్రజ్ఞులైన దంపతులు ఆరిజోనా ఎడారికి వెళ్ళి ఈ రహస్యాన్ని శోధించారు.

మొదటి రహస్యం గింజలోనే ఉంది. తిన్న గింజ ఒంట్లో నెమ్మదిగా దహనమైనప్పుడు అందులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. 100 గ్రాముల ఎండు బార్లీ గింజల నుంచి ఈ విధంగా సుమారు 54 గ్రాముల నీరు పుడుతుంది. మనం అన్నం తిన్నా ఇలాగే నీరు పుడుతుంది. కాని మన ఖర్చు ఎక్కువ కాబట్టి అది చాలదు.

రెండో రహస్యం పొదుపు. ఈ ఎలుక చెమట కార్చి ఒళ్ళు చల్లబరచుకోదు. దాని మూత్రం మన మూత్రం కంటె నాలుగు రెట్లు చిక్కన. ఊపిరిలో పోయే తేమను కూడా ఊరికే వదలదు. మీ పలక మీద "హా" అని ఊది చూడండి, చెమ్మ పడుతుంది. ఊపిరిలోని ఆవిరి చల్లని పలకను తాకి నీరయింది. కంగారూ ఎలుకకు దాని ముక్కే పలక. పొడిగాలి పీల్చినప్పుడు ముక్కు లోపల చల్లబడుతుంది. గాలి వదిలేటప్పుడు అందులోని ఆవిరి ఆ చల్లని ముక్కులోనే నీరై నిలిచిపోతుంది.

మూడో రహస్యం కలుగు. పగలు ఎలుక అందులో దూరి, ద్వారాన్ని మట్టితో మూసేస్తుంది. లోపల చల్లగా, కొంచెం చెమ్మగా ఉంటుంది. దాచిన గింజలు కూడా ఆ చెమ్మను పీల్చుకుంటాయి. రాత్రి చల్లబడ్డాకనే అది బయటికి వస్తుంది. ఈ ఎలుకనే పట్టి మిట్టమధ్యాహ్నం ఎండలో ఉంచితే ఎంతోసేపు బతకదు. దాని గొప్ప ఎండను ఓర్చుకోవడంలో లేదు, తప్పించుకోవడంలో ఉంది. నా శిష్యుడి ప్రశ్నకు జవాబు అదే.

ఈ తెలివి ఇప్పుడు మరీ అక్కరకు వస్తున్నది. గడచిన నూరేళ్ళలో మొహావీ ఎడారి సుమారు 2 డిగ్రీలు వేడెక్కింది. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో జోసెఫ్ గ్రిన్నెల్ అనే ప్రకృతి శాస్త్రవేత్తా ఆయన సహచరులూ అక్కడి జీవాలను లెక్కించి రాసిపెట్టారు. ఈ కాలపు శాస్త్రజ్ఞులు ఆ చోట్లకే మళ్ళీ వెళ్ళి లెక్క చూశారు. ఒక్కొక్క చోట సగటున నూటికి 43 రకాల పక్షులు కనబడకుండా పోయాయని 2018లో ప్రకటించారు. చిన్న క్షీరదాలు మాత్రం ఇంచుమించు నిలబడే ఉన్నాయని 2021లో తేల్చారు. పగటి ఎండలో తిరిగే పక్షి ఒళ్ళు చల్లబరచుకోవడానికి నీరు ఖర్చు పెట్టాలి. కలుగులో ఉన్న ఎలుకకు ఆ ఖర్చు చాలా తక్కువ.

అలాగని ఎలుకకు దిగులే లేదనుకోకండి. గింజలు కావాలంటే మొక్కలు మొలవాలి, మొక్కలు మొలవాలంటే వాన పడాలి. ఎండ నుంచి దాచే కలుగు ఉంది గాని, కరవు నుంచి దాచే కలుగు లేదు.

ఇప్పుడు మీకొక పని. ఎండాకాలం మధ్యాహ్నం, పెద్దవాళ్ళను పక్కన ఉంచుకుని, పెరట్లో పైమట్టిని తాకండి. తరువాత మూరెడు లోతు తవ్వించి, అడుగు మట్టిని తాకండి. తెల్లవారుజామున లేచి మళ్ళీ రెండుచోట్లా తాకి చూడండి. ఏది వేడి, ఏది చల్లన? ఎందుకు? పుస్తకం చూసి కాదు, చేత్తో తాకి చూసి నాకు రాయండి. నా జవాబు తప్పనిపిస్తే, ఆనాటి కుర్రవాడిలాగే లేచి అడగండి.