రూపాయి నల్లా సరే, గల్లీ తవ్వే పైసలు ఎవరియ్యాలె?

పేదోనికి రూపాయికే నల్లా అన్నరు. నెలకు ఇరవై వేల లీటర్ల నీళ్లు ఉచితం అన్నరు. 2020 గ్రేటర్ ఎన్నికల ముంగట చెప్పిండ్రు, 2021 జనవరిల మొదలుపెట్టిండ్రు. మంచిదే. నీళ్ల కోసం కొట్లాడినోళ్లం, ఉచిత నీళ్లను మనమెందుకు కాదంటం? మనం అడిగేది ఒక్కటే. తలాబ్‌కట్టలనో, జహానుమాలనో, నవాబ్ సాహెబ్ కుంటలనో సొంత నల్లా లేని ఇంటికి ఆ ఇరవై వేల లీటర్లు ఎటునుంచి వస్తయి? బిల్లు మాఫీ కావాలంటే ముందుగాల బిల్లు రావాలె. బిల్లు రావాలంటే నల్లా ఉండాలె. నల్లా లేనోడు డ్రమ్ముకింత, బిందెకింత అని కొనుక్కుంటడు. లీటరు లెక్కన చూస్తే సంపు, మోటరు ఉన్న బంగ్లా కన్నా గల్లీ మొగదల బిందె పట్టుకొని నిలబడ్డ ఇల్లే ఎక్కువ కడుతది.

పాతబస్తీకి నీళ్లు కొత్తవి కావు. నగరంల నల్లాలు రాక ముందే మీరాలం చెరువు ఉన్నది. 1908ల మూసీ ముంచినంక విశ్వేశ్వరయ్యను పిలిపించిండ్రు. 1920ల గండిపేట, 1927ల హిమాయత్‌సాగర్ అయినయి. భూమిల డ్రైనేజీ కూడా నిజాం కాలంలనే పడ్డది. దేశంల చాలా పట్నాలకు అప్పుడు ఆ ముచ్చటే తెల్వది. ఆ తర్వాత 1965ల మంజీర వచ్చింది, 1991ల సింగూరు, 2004ల కృష్ణ, 2015ల గోదారి. నది మీద నది వచ్చింది. బస్తీలు కూడా పెరిగినయి, చెరువుల శిఖం దాక ఇండ్లు లేచినయి. పైపు మాత్రం మెయిన్ రోడ్డు కాడనే ఆగింది. నూట ఎనభై కిలోమీటర్ల అవతల ఎల్లంపల్లి నుంచి గోదారిని గుంజుకొచ్చిన సర్కారుకు ముప్పై అడుగుల గల్లీ దాటుడు చేతకాదా?

ఆ ముప్పై అడుగులల్లనే ఉన్నది కథంత. కనెక్షన్ ఫీజు రూపాయి కావచ్చు. సర్వీస్ పైపు ఎవడు కొంటడు? ప్లంబర్ కూలి ఎవడిస్తడు? సీసీ రోడ్డు కోయాలంటే రోడ్ కటింగ్ పైసలు బల్దియాకు కట్టాలె. నల్లా ఇచ్చేది జలమండలి, రోడ్డు బల్దియాది. ఈ ఆఫీసుకు పోతే ఆ ఆఫీసు, ఆ ఆఫీసుకు పోతే ఈ ఆఫీసు. రోజు కూలి పోగొట్టుకొని ఎన్నిసార్లు తిరుగుతడు? ఇగ కాగితం. ఇంటి రిజిస్ట్రేషన్ చూపెట్టుమంటరు. పాతబస్తీల సగం ముచ్చట నోటరీ కాగితాల మీదనే నడుస్తదని తెల్వని అధికారి ఉన్నడా? కిరాయికుండేటోనికి ఆ కాగితం కూడా లేదు. దాహానికి పట్టా అడుగుతరా?

డ్రైనేజీ ముచ్చట ఇంకా అన్యాలం. నల్లాకన్న ఎన్నికలప్పుడు నాలుగు మాటలు చెప్తరు, మోరీ గురించి మాట్లాడే లీడర్ లేడు. ఇంట్ల లెట్రిన్ ఉంటది, దాని పైపు పోయి మోరీల పడ్తది, మోరీ పోయి ముర్కినాలల, నాలా పోయి మూసీల. నల్లా పైపు కూడా అదే మోరీ పక్కకెళ్లి, కొన్ని తావుల మోరీలకెళ్లే పోతది. నీళ్లు దినం తప్పి దినం గంటో రెండు గంటలో వస్తయి. నీళ్లు బందైనంక పైపు ఖాళీ అయితది. అప్పుడు పగుళ్లల్ల నుంచి మురుగు లోపలికి గుంజుకుంటది. మల్ల నీళ్లిడిసినప్పుడు మొదటి బిందెల వచ్చేది అదే. 2009ల మూసీ అవతల భోలక్‌పూర్‌ల కలుషిత నీళ్లు తాగి జనం చచ్చిపోయిండ్రు. 2020 అక్టోబర్ వానలకు అల్ జుబైల్ కాలనీ, హఫీజ్ బాబానగర్ మునిగినప్పుడు ఇండ్లల్లకు వచ్చింది వాన నీళ్లొక్కటే కాదు. వేల కోట్లతోని మురుగు శుద్ధి ప్లాంట్లు కడుతున్నమని 2021ల గొప్పగ చెప్పిండ్రు. కట్టుండ్రి. కానీ ఇంటి మురుగు ప్లాంటు దాక పోవాలంటే ఇంటికి, మ్యాన్‌హోల్‌కు నడుమ ఒక పైపు ఉండాలె గదా!

"పాతబస్తోళ్లు బిల్లులు కట్టరు, దొంగ నల్లాలు పెట్టుకుంటరు" అనే మాట మన ఉద్యోగ మిత్రుల నోట కూడా విన్నం. దొంగ నల్లా ఎందుకు పుడ్తది? దొర నల్లాకు తొవ్వ లేక పుడ్తది. కాగితం లేదని వాపస్ పంపి, మల్ల వాణ్ణే దొంగ అనుడు ఏం న్యాయం? ఇంకో ముచ్చట కూడా ఉన్నది. నల్లా లేని గల్లీకి ట్యాంకర్ పంపేటోడు లీడర్ అయితడు. ఇంటింటికి నల్లా వస్తే ఆయనకు సలాం కొట్టే పని ఉండదు. ఈ లెక్క జనానికి తెల్వదనుకోవద్దు.

చేయాలంటే తొవ్వ లేక కాదు. అహ్మదాబాద్‌ల 1990లల్ల "పరివర్తన్" అని మురికివాడలకు ఇంటింటికి నల్లా, డ్రైనేజీ ఇచ్చిండ్రు. ఇంటికి 2,000 రూపాయలు జనం వాటా. పదేండ్ల దాక ఖాళీ చేయించమని కార్పొరేషన్ రాసిచ్చింది. పట్టా అడగలె. కరాచీ ఓరంగిల 1980 నుంచి అఖ్తర్ హమీద్ ఖాన్ వెంట జనం గల్లీకొక కమిటీ పెట్టుకొని డ్రైనేజీ పైపులు తామే ఏసుకున్నరు. ఇది చూపెట్టి మన సర్కారు చేతులు దులుపుకుంటమంటే నడవది. అక్కడ కూడా గల్లీ బయటి పెద్ద కాల్వ సర్కారు వంతే అన్నరు.

మన వంతు అడుగుదాం. రేషన్ కార్డో, కరెంటు బిల్లో చూపెడితే నల్లా ఇయ్యాలె, కిరాయిదారుకు సుత. మెయిన్ పైపు నుంచి గడప దాక పైపు జలమండలే ఏయాలె. పేద ఇంటికి రోడ్ కటింగ్ పైసలు రద్దు చేయాలె. గల్లీని ఒక్కపారే తవ్వి నల్లా పైపు, డ్రైనేజీ పైపు ఎడం ఎడంగ ఏసి పూడ్చాలె. ఇయ్యాల ఒకటి, వచ్చే ఏడు ఇంకోటి అని రెండుసార్లు తవ్వుడెందుకు? అపార్ట్‌మెంట్ల ప్రతి ఫ్లాటుకు ఇరవై వేల లీటర్లు లెక్క కట్టినట్టే, ఒక్క నల్లా మీద నాలుగు పొయ్యిలున్న ఇంటికి నాలుగు లెక్కలు కట్టాలె. ఏ గల్లీల ఎన్ని ఇండ్లకు నల్లా లేదు, ఎన్నింటికి డ్రైనేజీ లేదు అనే జాబితా వార్డు ఆఫీసు గోడకు అంటించాలె. విద్యార్థులు సెలవుల్ల నాలుగు గల్లీలు తిరిగితే ఆ జాబితా నిజమో అబద్ధమో తేలుతది. యాకుత్‌పురా నుంచి మొదలుపెట్టొచ్చు.