లోపలి గడియ

పటాన్‌చెరు మందుల కర్మాగారమున మాత్రలను పెట్టెల కెత్తు నొక వితంతువును మొన్న చూడబోయితిమి. రేకుల కప్పుగల యొంటిగది. ఒక మూల పొయ్యి, ఒక మూల మంచము. నడుమ చాప పరచిన మా యిరువురకే చోటు. ఇంత యిరుకున నెట్లుంటివమ్మా యంటిమి. "ఊడ్వనీకి నాలుగు దెబ్బలు చాలమ్మా. లోపలి గడియ నాదే" యని నవ్వెను.

ఆ మాట మమ్ము వదలలేదు. పెద్ద యిండ్ల కాపురము చేయు మనలో నెందరకు తమదనదగిన మూల గలదు?

అయిన నా గడియయు నద్దెదే. నాలుగిండ్లవారు మగదిక్కెవరని యడిగి పంపివేసిన పిదప దొరకిన గదియట. యజమాని పొమ్మన్ననాడు పోవలయును. వేసవి రాత్రు లా రేకులక్రింద నిద్దుర యెట్లు పట్టునో!

కొల్లూరులో 2023 జూన్‌లో ప్రారంభించిన 15,660 ప్రభుత్వ గృహములు ఒక్కొక్కటి 560 చదరపుటడుగులు. ఒంటరిదానికి సగము చాలును, అట్టివి కట్టరాదా?

2024 మార్చిలో నారంభమైన ఇందిరమ్మ యిండ్ల పథకమున 400 చదరపుటడుగులకు తగ్గని యింటికి 5 లక్షల రూపాయలిత్తురు. మంజూరు స్త్రీ పేరనే. వితంతువులు, ఒంటరి స్త్రీలు నర్హులే. అయితే తొలివిడత సొంతస్థలము గలవారికి.

పుట్టిల్లు సదాశివపేట ప్రక్క పల్లెయట. అచట తాతలనాటి జాగా లేదా యని యడిగితిమి.

"అన్నలున్నరు గదమ్మా."

2005 నాటి చట్ట సవరణచే నట్టి యాస్తిలో కూతునకును కొడుకుతో సమభాగమని చెప్పితిమి. ఆమె మారుపలుకక చాయ వడబోయసాగెను.