పాత కంప్యూటర్లతో మన రికార్డులకు రక్షణ

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సాధారణ మద్దతు ముగిసింది. దాంతో ఆఫీసుల్లో వాడిన చిన్న కంప్యూటర్లు సెకండ్ హ్యాండ్ బజారుకు వస్తున్నాయి. మరోవైపు ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల మెమరీ ధరలు పెరిగాయి. పాత పత్రికలు, తెలుగు బడుల రికార్డులు స్కాన్ చేసి దాచుకుంటున్న మనలాంటి సంఘాలు ఈ రెండూ గమనించాలి.

ఒక్క డిస్కును నమ్ముకోకూడదు. లైనక్స్ వేసిన మూడు కంప్యూటర్లను సెఫ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కలిపి, ప్రతి ఫైలునూ మూడింటిలో ఉంచితే, ఒకటి పాడైనా పని ఆగదు.

చవకగా దొరికిందని పాత పెద్ద సర్వరు కొనవద్దని మా మాట. రాత్రింబవళ్లు 150 వాట్లు లాగితే ఏడాదికి 1,314 యూనిట్లు. 15 వాట్ల చిన్నవి మూడూ కలిపి 394 యూనిట్లే. యూనిట్ 8 రూపాయల లెక్కన ఏటా 7,360 రూపాయలు మిగులుతాయి.

సెఫ్‌కు ఒక్కో డిస్కుకు సుమారు 4 జీబీ మెమరీ కావాలి. కనుక 8 జీబీ ముందే ఉన్న కంప్యూటరునే ఎంచుకుందాం. డిస్కులు మాత్రం కొత్తవే కొందాం.

మూడూ ఒకే గదిలో ఉంటే వరదకో నిప్పుకో ఒకేసారి పోతాయి. మరో నకలు వేరే ఊరి సంఘం దగ్గర ఉంచుదాం. ఈ కాగితాలు పోతే మన భాష ఇక్కడ ఎన్నాళ్లుగా ఉందో చెప్పే సాక్ష్యమూ పోతుంది.