క్షమకు వెల కట్టరాదు

అంగడిలో చిన్న వస్తువు దొంగిలించెనని పట్టువడినవానిని తిన్నగా చెరసాలకు పంపుటకంటె, తప్పు దిద్దుకొనుట కొక త్రోవ చూపుట మేలని మేము నమ్ముదుము. మొదటి తప్పునకే దొంగయను ముద్ర పడినవానికి పని దొరకదు. పని దొరకనివాడు మరల ఆ తప్పునకే దిగును. కావున శిక్షకు మారుగా శిక్షణ యిచ్చు పద్ధతిని మేము నిరసింపము. ఆ దయను సరకుగా చేసి యమ్ముటను మాత్రమే నిరసింతుము.

అమెరికాలో జరిగిన యొక సంగతి చూడుడు. కరెక్టివ్ ఎడ్యుకేషన్ కంపెనీ యను వ్యాపారసంస్థ అచ్చటి పెద్ద పెద్ద అంగళ్లతో ఒడంబడిక చేసికొన్నది. దొంగతనము చేసెనను అనుమానముతో కావలివారు పట్టుకొన్న మనుష్యునకు ఈ సంస్థ తరఫున రెండు దారులు చూపబడెడివి. తప్పు ఒప్పుకొనుచు సంతకము చేసి, సొమ్ము చెల్లించి, కొన్ని గంటల పాఠము చదువుట యొకటి, పోలీసులపాలగుట రెండవది. ఒక్కసారి చెల్లించినచో 400 డాలర్లు, వాయిదాలమీదనైనచో 500. దయకు సయితము వాయిదాల బేరమే! శాన్‌ఫ్రాన్సిస్కో నగర న్యాయవాది 2015లో దీనిపై వ్యాజ్యము వేసెను. ఇది కాలిఫోర్నియా చట్టము ప్రకారము బెదిరించి సొమ్ము గుంజుటయే యని 2017లో అచ్చటి న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఆ యేటి చివర వాల్‌మార్టు తన అంగళ్లలో ఇట్టి పద్ధతిని నిలిపివేసెను.

“వాడు సమ్మతించియేగదా సంతకము చేసెను?” అని కొందరందురు. ప్రక్కన వకీలు లేక, ఎదుట పోలీసుల భయముండగా ఇచ్చిన సమ్మతి సమ్మతియా? దొంగిలించినవాడును సంతకము చేయును. చంకలో బిడ్డ నెత్తుకొని, సంచిలోని యొక వస్తువునకు వెల చెల్లింప మరచిన తల్లియు చేయును. చదువులకై ఆ దేశమునకు పోయిన మన పిల్లలైనచో, వీసా పోవునను దిగులుచే కాగితమైనను చదువక సంతకము చేయుదురు. వీరిలో దోషి యెవరో, నిర్దోషి యెవరో తేల్చువారేరి? నేరము మోపువాడే తీర్పరి. తీర్పరి జతకాడే జరిమానా పుచ్చుకొనువాడు. కలవానికి పాఠము, లేనివానికి ఠాణా!

“న్యాయస్థానములకు పని తగ్గునుగదా” యని మరికొందరి వాదము. విచారణ శ్రమయే నిర్దోషికి రక్ష. ఆ శ్రమను తప్పించుకొన్నచో తగ్గునది పని కాదు, న్యాయమే.

మన దేశమున దయకు చట్టమే చోటిచ్చినది. మునుపు శిక్షపడనివానిని చిన్న దొంగతనమునకు మందలించి విడుచుటకు 1958 నాటి ప్రొబేషన్ చట్టము న్యాయాధిపతికి అధికార మొసగినది; అట్లు విడువబడినవానికి ఆ తీర్పువలన అనర్హత కలుగదనియు చెప్పినది. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత, సొత్తు విలువ 5,000 రూపాయలకు లోబడి, నేరము మొదటిదై, సొత్తునో దాని వెలనో తిరిగి యిచ్చినచో సమాజసేవయే శిక్షయని విధించినది. ఈ రెంటిలోను ముందు విచారణ, పిమ్మట దయ. ఆ దయవలన లాభము పొందు వర్తకుడెవడును లేడు.

కావున పాఠకులారా, ఏ అంగడివాడైనను మిమ్ము గదిలో కూర్చుండబెట్టి, సంతకము చేసి సొమ్ము కట్టినచో విడిచెదమన్నచో, దానిని దయయని భ్రమపడకుడు. పోలీసులను పిలువుమనుడు, వకీలును కోరుడు. క్షమించు అధికారము న్యాయపీఠమునదే, గల్లాపెట్టెది కాదు.