ఉపవాస మాసము – కాల నియమము

రంజాన్ నెల మొదటి వారంలో ఉదయం తొమ్మిదిన్నరకు మా తరగతి గదిలో అడుగుపెట్టిన వారికి రెండు దృశ్యాలు కనిపిస్తాయి. ముందు వరుసలలో ఖాళీ బల్లలు. వెనుక వరుసలలో చేతులపై వాలిన తలలు. "ఏమి నాయనా?" అని అడిగితే "రోజా సార్" అన్న సమాధానం సిద్ధంగా ఉంటుంది. ఆ మాట విన్న తరువాత అధ్యాపకుడు మరి నోరెత్తడు. ఈ మౌనాన్ని గురించియే నాలుగు మాటలు వ్రాయదలచాము.

నేరము రోజాది కాదని మా నిశ్చితాభిప్రాయం. లెక్క చూడండి. మార్చి ఆరంభంలో మన ప్రాంతమున సహర్ ముగిసేది సుమారు 5 గంటల 20 నిమిషాలకు. ఇఫ్తార్ సుమారు 6 గంటల 25 నిమిషాలకు. అనగా ఉపవాసం 13 గంటలు. 2016లో రంజాన్ జూన్ మాసాన వచ్చినప్పుడు అది 14 గంటలు దాటింది. పైగా, సహర్ చేసి వచ్చిన యువకునికి ఆకలి గట్టిగా తెలిసేది మధ్యాహ్నం దాటిన తరువాతనే. ఉదయం మొదటి గంటలో తల వాల్చునది ఆకలి కాదు, నిద్ర.

ఆ నిద్ర ఎక్కడ పోయింది? తరావీహ్ ముగించుకొని ఇల్లు చేరేసరికి రాత్రి పది అవుతుంది. వెంటనే పడుకొంటే నాలుగు గంటల దాకా ఆరు గంటల నిద్ర దక్కుతుంది. కాని పడుకొనేదెవరు? మేడ్చల్ నుండి చార్మినార్ ముప్పై కిలోమీటర్లకు పైబడిన దూరం. ఒక్క మోటారు సైకిలుపై ముగ్గురు కూర్చుని ఆ రాత్రి బజారు చూడబోయి, సహర్ వేళకు ఇల్లు చేరే విద్యార్థులు మాకు తెలియని వారు కారు. శామీర్‌పేట వారు రాజీవ్ రహదారి వెంట హలీం బట్టీల వద్ద కూర్చుంటారు. హైదరాబాదు హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. మాకు కూడా దానిపై ద్వేషమేమీ లేదు. గోధుమలు, మాంసం గంటల తరబడి ఉడికి, కట్టెతో మెదిగితేనే అది హలీం అవుతుంది. వండినవాని ఓర్పులో పదవ వంతు తినేవారికి పాఠ్యగ్రంథం ముందు ఉంటే మేము ఈ వ్యాసం వ్రాయవలసిన పని లేకపోయేది. ఇక బయటికి పోనివారి రాత్రిని చేతిలోని సెల్‌ఫోను తినివేస్తున్నది.

ఇతరులను తప్పుపట్టి మేము తప్పించుకోలేము. కొన్ని సంవత్సరాల క్రిందట ఇదే నెలలో, రాత్రి రెండు వరకు బంధువులతో కబుర్లాడి, మరునాడు తరగతిలో హాజరు పిలుస్తూ ఒకే పేరు మూడు పర్యాయాలు పిలిచాము. మూడవ పర్యాయం ఆ విద్యార్థి "ఉన్నాను సార్, మీరే లేరు" అన్నాడు. తరగతి అంతా నవ్వింది. మేమూ నవ్వాము గాని, ఆ మాట నేటికీ మరువలేదు.

నిజంగా నిద్రకు నోచుకోనివారు వేరే ఉన్నారు. మా విద్యార్థినులు. మూడు గంటలకు తల్లితోపాటు లేచి పొయ్యి వెలిగించి, ఇంటిల్లిపాదికీ వడ్డించి, తాము ఆఖరి నిమిషాన రెండు ముద్దలు తిని, గిన్నెలు కడిగి, ఫజ్ర్ చదివి బస్సు ఎక్కుతారు. సాయంత్రం మరల ఇఫ్తార్ వంట. ఇంతటి శ్రమతో వారు తరగతికి ముందుగా వస్తున్నారు. అన్నదమ్ములు ఆలస్యంగా వస్తున్నారు. ఉపవాసమందు పుణ్యం ఇద్దరికీ సమానమే అయినప్పుడు పొయ్యి దగ్గర పని ఒక్కరికే ఎందుకు? పరీక్ష ఉన్న చెల్లెలిని ఆ ఒక్క వేకువజామున పడుకోనిచ్చి అన్న రొట్టె కాల్చితే మగతనానికి లోటు రాదు. ఈ మాటకు కోపగించుకొనే పెద్దలు మా ఊరిలో కొందరున్నారని ఎరుగుదుము.

నిజానికి మన ధర్మం చేతికిచ్చినంత చక్కని కాలపట్టిక మరొకటి లేదు. దినము అయిదు భాగాలుగా ముందే పంచబడి ఉన్నది. ఖురాన్‌లో 103వ అధ్యాయం కాలంపై ప్రమాణంతోనే ఆరంభమవుతుంది. ఒక భాగం సుమారు ఇరవై పుటలు. ప్రతి నమాజు తరువాత నాలుగు పుటలు చదివినవానికి నెలలో గ్రంథం పూర్తవుతుంది, చివరి పది రాత్రులలో ఉరుకులు పరుగులు ఉండవు. ఈ పద్ధతినే పాఠాలకు ఎందుకు అన్వయించకూడదు? ఫజ్ర్ తరువాతి గంటన్నర మనస్సు తేటగా ఉండే వేళ. లెక్కలు, భౌతికశాస్త్రం వంటివి అప్పుడే చేయాలి. జుహర్ తరువాత అరగంట కునుకు సున్నత్. దానికి సిగ్గుపడనక్కరలేదు, అయితే అది అరగంటయే కావలెను, అస్ర్ దాకా సాగరాదు. ఇఫ్తార్‌కు ముందరి గంట కొత్త పాఠానికి పనికిరాదు. వ్రాసినది సరిచూచుకొనుటకు సరిపోతుంది.

కళాశాల కార్యవర్గం వారికి ఒక విన్నపం. 2025లో రంజాన్ మార్చి 2న ఆరంభమైనది. ఇంటర్మీడియట్ పరీక్షలు మార్చి 5 నుండి 25 వరకు జరిగినవి. అదే నెలలో రాష్ట్ర ప్రభుత్వం ముస్లిం ఉద్యోగులను సాయంత్రం నాలుగు గంటలకే ఇంటికి పోవుటకు అనుమతించింది. ఉద్యోగులకు వెసులుబాటు దొరికింది, విద్యార్థులకు దొరకలేదు. మేము సెలవు కోరడం లేదు. సెలవు ఇస్తే అదీ చార్మినార్ పాలవుతుంది. ఆ నెలలో తరగతులు ఒక గంట ముందుగా, ఎనిమిదిన్నరకే ఆరంభించి, ప్రయోగశాల పనిని ఉదయానికి జరిపి, మధ్యాహ్నం రెండు గంటలకు ముగించాలని మా ప్రతిపాదన. సహర్‌కు లేచినవాడు ఎనిమిదిన్నరకు రావడం కష్టం కాదు. తిరిగి పడుకొన్నవానికే కష్టం. రోజా లేని మన హిందూ, క్రైస్తవ విద్యార్థులను కూడా ముందుగా అడగాలి. వారి బస్సులు, వారి భోజనం వేళలు చూడాలి. వారికోసం క్యాంటీను మూయకుండా తెరిచియే ఉంచాలి. ఇరువైయేడవ రాత్రి మరుసటి ఉదయం పరీక్ష పెట్టే అలవాటు మాత్రం తప్పక మానాలి.

చంద్రుడు చెప్పకుండా వచ్చేవాడు కాడు. నెల ప్రతి సంవత్సరం పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతున్నది. 2030లో రంజాన్ ఒకే సంవత్సరంలో రెండుసార్లు, జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర మరొకసారి ఆరంభం కానున్నది. కావున షాబాన్ నెల పదిహేనవ నాటికే కొత్త కాలపట్టిక నోటీసు బోర్డుపై ఉండునట్లు చూడవలసినదిగా కార్యవర్గం వారిని కోరుతున్నాము. దానిని వ్రాసిపెట్టే పనికి మేము సిద్ధముగా ఉన్నాము.